వాకిటి మాట లోగిలికి చేరుట ఎట్లు?

పక్షవాతము పాలయిన మనిషిని ఎరుగని ఇల్లు మన ఊళ్లలో అరుదు. నిన్నటి దాక పొలము గట్లపై నడచిన పెద్దాయన తెల్లవారుసరికి మంచము దిగలేడు. మూతి ఒక ప్రక్కకు తిరుగును. ఏదో చెప్పబోవును, మాట ముద్దయై వచ్చును. గాలి సోకినదని ఒకరు, దిష్టి తగిలినదని ఒకరు అనుచుండగా ప్రొద్దెక్కును. ఆరోగ్య విషయములపై ప్రసంగములు ఏర్పాటు చేసినప్పుడెల్ల మాకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న పదే పదే కనబడుచుండును. రక్తనాళము మూసికొనిపోయినదన్న మాట సరియే; దానిని తెరచి రక్తమును పారించిన పిదప గూడ మెదడు ఏల చెడిపోవుచున్నది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయి మేము రక్తనాళములను విడిచి, కంటికి కనబడని ఒక చిన్న వాకిలి వద్దకు చేరితిమి. ఆ వాకిలి నాడీకణపు పొరలో ఉన్నది. సరిగా చెప్పవలెనన్న, మేము చెప్పబోవునది వాకిలిని గూర్చి గూడ కాదు. దాని క్రింద నిలిచి, బయటి నుండి వచ్చిన మాట లోపల ఎవరి చెవిని పడవలెనో నిర్ణయించు ఒక ప్రోటీనును గూర్చి.

మెదడు బరువు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. అయినను మనము విశ్రాంతిగా కూర్చుండినప్పుడు శరీరము వాడుకొను ప్రాణవాయువులో ఇంచుమించు అయిదవ వంతు దానికే కావలెను. గాదెలో ధాన్యము వలె దాచుకొనుట దానికి చేతకాదు; ఏ నిమిషపు తిండి ఆ నిమిషమునకే. ధమనిలో గడ్డ అడ్డుపడినప్పుడు నడిమి భాగమునకు రక్తము దాదాపు పూర్తిగా ఆగిపోయి, అచటి కణములు నిమిషములలో నశించును. దాని చుట్టును ఉన్న భాగమునకు ప్రక్క దారుల నుండి కొంత రక్తము అందుచుండును. ఆ కణములు పని మానును గాని చావవు. గ్రహణకాలమున నిండు నీడ చుట్టును ఉండు మసక నీడకు గల పేరునే వైద్యులు ఈ భాగమునకు పెట్టిరి. పక్షవాత చికిత్స యావత్తు ఈ మసక నీడను కాపాడుటకే. పెద్ద ధమని మూసికొనిపోయి, చికిత్స జరుగని పక్షమున నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్క కట్టెను.

ఈ కణములన్నియు ఆకలి చేతనే చచ్చుట లేదు. వీనిలో చాల భాగము ఒక మాటను మితిమీరి వినుట చేత చచ్చుచున్నవి.

ఆ మాట పేరు గ్లుటమేటు. ఇది మనకు పరాయి వస్తువు కాదు. పండిన టమాటాలో ఉన్నది; నూడుల్సు పై చల్లు అజినోమోటో దీని సోడియం లవణమే. మెదడులో ఒక నాడీకణము తన ప్రక్క కణమునకు వార్త పంపదలచినప్పుడు, రెండింటి నడుమ నున్న సన్నని సందులోనికి రవంత గ్లుటమేటును విడుచును. అవతలి కణము దానిని అందుకొని ఉద్రేకము చెందును. మనము కొత్త పాట నేర్చుకొనుట, దారి గుర్తుంచుకొనుట మొదలైనవన్నియు ఈ ఇచ్చిపుచ్చుకొనుటల మీదనే ఆధారపడి యున్నవి. వార్త అందిన వెంటనే చుట్టుప్రక్కల కణములు ఆ గ్లుటమేటును పీల్చివేసి సందును శుభ్రపరచును. ఈ శుభ్రపరచు పనికి శక్తి కావలెను. రక్తము ఆగినప్పుడు ఆ శక్తి ఉండదు. శక్తి లేని కణములు తమలోని గ్లుటమేటును నిలుపుకొనజాలక బయటికి వదలివేయును, పీల్చువారు లేరు, సందులు నిండిపోవును. 1969లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జాన్ ఓల్నీ అను శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు గ్లుటమేటు లవణమును సూదిమందుగా ఇచ్చి చూడగా వాని మెదడులో కణములు నశించెను. ఉద్రేకమే విషమగునని ఆయన చెప్పిన మాట అది మొదలు శాస్త్రమున నిలిచిపోయినది. (తిండిలోని గ్లుటమేటు పెద్దవారి మెదడులోనికి సులభముగా చొరబడదు, శ్రోతలు తమ టమాటా పప్పును అనుమానింపనక్కరలేదు.)

ఇక వాకిలి సంగతి. గ్లుటమేటును అందుకొనుటకై కణపు పొరలో గ్రాహకములు అను ప్రోటీనులు అమరియున్నవి. పాత పాఠ్యపుస్తకములలో మాంసకృత్తులని చదువుకొన్నవియే ఈ ప్రోటీనులు. ఈ గ్రాహకములలో ఒక జాతికి ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకమని పేరు. దీనికి రెండు గొళ్ళెములు ఉన్నవి. గ్లుటమేటు వచ్చి తట్టినంత మాత్రమున తెరచుకొనదు. కణము అప్పటికే కొంత ఉద్రేకము చెంది, ద్వారములో అడ్డుపడియున్న మెగ్నీషియం అయాను తొలగిపోవలెను. ఈ రెండవ గొళ్ళెమును 1984లో కనుగొనిరి. రెండును తీసినప్పుడు తలుపు తెరచుకొని కాల్షియం లోనికి వచ్చును. కాల్షియం వచ్చెనన్న లోపల పనులు మొదలగును. సాధారణ సమయములలో ఇది కన్నుమూసి తెరచునంతలో ముగియును. పక్షవాతములో రెండు గొళ్ళెములును ఒకేసారి ఊడిపోయి తలుపు బార్లా తెరచుకొని ఉండును.

అట్లయిన తలుపు మూసివేసిన సరిపోవును గదా! శాస్త్రజ్ఞులును మొదట అట్లే తలచిరి. ఈ గ్రాహకమును మూయు మందులు జంతువులలో చక్కగా పనిచేసెను. 1990 దశకమున సెల్ఫోటెల్, ఆప్టిగనెల్ మున్నగు వానిని పక్షవాత రోగులకు ఇచ్చి చూచిరి. మేలు కనబడలేదు, రోగులకు లేనిపోని దృశ్యములు తోచుట, కలవరపాటు మొదలైన బాధలు కలిగెను. పరీక్షలను ఆపివేయవలసి వచ్చెను. ఆ తలుపు చావునకు మాత్రమే వాకిలి కాదు. బ్రతికియున్న మెదడు తన నిత్యకృత్యములకు ఆ దారినే వాడుకొనుచున్నది. ఇంట దొంగ పడెనని వీధి తలుపునకు మేకులు కొట్టిన, ఇంటివారును రాకపోకలు మానవలసినదే.

అప్పుడు కొందరు ప్రశ్నను మరియొక విధముగా వేసిరి. లోనికి వచ్చిన కాల్షియం ఎంత అనుట మాని, ఏ దారిన వచ్చెనని అడిగిరి. కణపు పొరలో కాల్షియం వచ్చుటకు వేరు దారులును కలవు. 1993లో టొరాంటో నగరమున మైకేల్ టైమియాన్‌స్కీ, ఆయన సహచరులు చిట్టెలుక పిండముల వెన్నుపాము కణములను గాజు పాత్రలలో పెంచి ఈ దారులను పోల్చి చూచిరి. లోపలి కాల్షియం ఒకే తీరున పెరిగినను, అది గ్లుటమేటు గ్రాహకము ద్వారా వచ్చినప్పుడు కణములు చచ్చుచున్నవి. ఇతర ద్వారముల గుండ వచ్చినప్పుడు అంతగా చచ్చుట లేదు. కాల్షియం అదియే, కణమును అదియే. భేదము వాకిటిలో ఉన్నది. ఈ వాకిటికి చేరువగా ఎవరో నిలిచియున్నారు. ఇతర వాకిళ్ళ వద్ద వారు లేరు.

ఆ ఎవరో అన్నవారి ముఖము అప్పటికి ఏడాది ముందే ఒకచోట బయటపడి యున్నది గాని, వారు చేయు పని తెలియదు. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చిన నాటి నుండియు, నాడీసంధిలో వార్త అందుకొను ప్రక్క పొర క్రింద ఒక నల్లని దళసరి పట్టీ శాస్త్రజ్ఞులకు కనబడుచుండెను. ఆ పట్టీలో ఏమున్నదో ఒక్కొక్కటిగా విడదీయు పనిని కాలిఫోర్నియాలో మేరీ కెనెడీ బృందము చేపట్టెను. 1992లో వారు ఆ పట్టీలో విస్తారముగా ఉన్న ఒక ప్రోటీనును గుర్తించి, జెల్‌లో అది చూపిన సుమారు 95 వేల డాల్టనుల బరువును బట్టి దానికి పి.ఎస్.డి.-95 అని పేరు పెట్టిరి. ఇట్టి పేర్లు పెట్టు శాస్త్రజ్ఞులకు ప్రసంగకర్తల నాలుకలపై దయ లేదని మేము చాలకాలముగా అనుకొనుచున్నాము. ఏమైనను, దాని ఎమైనో ఆమ్లముల వరుసను చదివినప్పుడు ఒక వింత తేలినది. అరటిపండ్లపై ముసురు చిన్న ఈగలో, పిల్లపురుగు దశలో కణములు అదుపు తప్పి కంతులుగా పెరుగకుండ కాపాడు ఒక ప్రోటీను కలదు. పి.ఎస్.డి.-95 దానికి దగ్గరి చుట్టము. ప్రేగుల లోపలి కణములను ఒకదానితో నొకటి బిగించి ఉంచు చోట కనబడు మరియొక ప్రోటీనును ఈ కుటుంబపు పోలిక కలదియే. ఈ మూడింటి పేర్లలోని మొదటి అక్షరములు కలిపి, వీని యందు ఉమ్మడిగా ఉన్న ఒక చిన్న ముడికి పి.డి.జెడ్. అని పేరు వచ్చినది.

ఈ ముడి ఏమి చేయును? ఇందు సుమారు 90 ఎమైనో ఆమ్లములు ఉండును. దాని ప్రక్కన ఒక సన్నని గాడి కలదు. వేరొక ప్రోటీను తోక చివరి నాలుగైదు ఎమైనో ఆమ్లములు సరియైన వరుసలో ఉన్నచో, ఆ కొస వచ్చి ఈ గాడిలో కూర్చుండును. చొక్కా బొత్తాము కాజాలో పట్టినట్లు పట్టును. 1996లో దీని రూపమును స్ఫటిక పద్ధతిచే కన్నులకు కట్టినట్లు చూపిరి. పి.ఎస్.డి.-95లో ఇట్టి కాజాలు మూడు వరుసగా ఉన్నవి. 1995లో, ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకము యొక్క తోక కొస వీనిలో పట్టునని తెలిసినది. మరుసటి యేడు, నైట్రిక్ ఆక్సైడు అను వాయువును తయారు చేయు ఒక ఎంజైము గూడ దీనినే పట్టుకొని ఉండునని తెలిసినది. ఈ రెండు వార్తలను ప్రక్క ప్రక్కన పెట్టి చదివినవారికి చిత్రము పూర్తియైనది. ఒక కాజాలో వాకిలి తోక. ప్రక్క కాజాలో ఎంజైము. రెండును కలిసి ఒకే నడుమ మనిషి చేతులలో ఉన్నవి.

ఈ ఎంజైము కాల్షియంచే మేల్కొనునది. అయితే కణములో కాల్షియం వచ్చిన వెంటనే అంతటను సమముగా వ్యాపించునని తలపరాదు. ద్వారపు మొగదల అది దట్టముగా ఉండును. కొన్ని పదుల నానోమీటర్లు దాటునప్పటికే మిక్కిలి పలుచబడును. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. మొగదలనే కూర్చున్న ఎంజైమునకు కాల్షియం వరద వలె తగులును. కణములో ఎచటనో ఉన్న ఎంజైమునకు తుంపరగా గూడ తగులకపోవచ్చును. నైట్రిక్ ఆక్సైడు స్వతహాగా దుష్టము కాదు. అది రక్తనాళములను సడలించునని చూపినందులకే 1998లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చినది. కాని వాకిలి మూతపడకుండ ఉన్నప్పుడు అది మితిమీరి పుట్టి, ఆక్సిజను సంబంధమైన మరియొక చురుకైన పదార్థముతో కలిసి, కణములోని కొవ్వులను, ప్రోటీనులను, జన్యుపదార్థమును చెరచును. మసక నీడలోని కణముల మరణమునకు ఇది ఒక ముఖ్య కారణము.

పి.ఎస్.డి.-95 వంటి వానిని ఆంగ్లమున మేస్త్రీలు కట్టు పరంజా పేరుతో పిలుతురు. మేమును పరంజా ప్రోటీనులనియే అందుము గాని, ఈ పేరు మాకు పూర్తిగా నచ్చలేదు. ఇల్లు లేచిన పిదప పరంజాను విప్పివేయుదురు. ఇది ఇంటిలోనే ఉండును. పైగా పరంజాపై నిలిచిన కూలీలు ఒకరితో నొకరు మాటలాడుకొనకపోయినను గోడ లేచును. ఇచట ఎవరి ప్రక్కన ఎవరు నిలుతురన్నదే అసలు పని. మా వృత్తిలోని సామ్యము మాకు చేరువగా తోచును. స్టూడియోలో మైకు బాగుగనే ఉండవచ్చును, ప్రసార యంత్రమును బాగుగనే ఉండవచ్చును. ఈ రెండింటిని కలుపు తీగ ఏ రంధ్రమున గ్రుచ్చినామో దానిని బట్టి ఏ మాట ఎచటికి పోవునన్నది ఏర్పడును. మేము ఉద్యోగమున చేరిన కొత్తలో ఒకనాటి సాయంకాలము మా చేతి పొరపాటున వీణ కచేరీ వినవలసిన శ్రోతలు రెండు నిమిషముల పాటు మిరపకాయల ధరలు వినిరి. మైకు తప్పు లేదు, ధరలు చదివినాయన తప్పు అసలే లేదు.

పరంజా ప్రోటీను ఆ తీగ వంటిది. అది తానుగా ఏ రసాయన క్రియను చేయదు. పి.ఎస్.డి.-95 చివరి భాగము ఒక ఎంజైము ఆకారములోనే ఉన్నది; కాని ఎంజైము చేయవలసిన పని మాత్రము అది మరచిపోయినది. ఆ ఆకారమును గూడ మరికొన్ని ప్రోటీనులను పట్టుకొనుటకే వాడుకొనుచున్నది. పొరకు అంటిపెట్టుకొని ఉండుటకు దాని మొదటి కొసన పామిటిక్ ఆమ్లమను కొవ్వు రెండుచోట్ల తగిలింపబడి యున్నది. మన వంటిళ్ళలోని పామాయిలు నుండియే ఆ కొవ్వునకు ఆ పేరు వచ్చినది. నాడీకణపు పనిని బట్టి ఈ కొవ్వు ఊడుచు, మరల తగులుచు ఉండును. ఊడినప్పుడు పరంజాయే పొరను విడిచి కదలిపోవును. ఒక్కొక్క నాడీసంధిలో ఇట్టివి సుమారు 300 ఉండునని 2005లో లెక్కించిరి.

పొరుగును మార్చిన పని మారునన్న మాటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము ఒకటి మెదడులో గాక రొట్టెలను పొంగించు ఈస్టులో దొరికినది. ఈస్టు కణమునకు జతగాడు విడిచిన వాసన వంటి పదార్థము పొరకు తగిలినప్పుడు జత కూడుటకు సిద్ధపడును. నీటిలో ఉప్పు పెరిగినప్పుడు దానిని తట్టుకొనుటకు లోపల గ్లిసరాలును చేసికొనును. ఆశ్చర్యమేమనగా, ఈ రెండు వార్తలను మోయువారిలో ఒక ఎంజైము రెండింటికిని ఉమ్మడి. ఉమ్మడి బంట్రోతు చేతికి రెండు ఉత్తరములిచ్చినను అవి తారుమారు కావు. ఏలయన, ఆతడు ఏ పరంజాపై నిలిచియుండగా ఉత్తరమందెనో ఆ పరంజాపై నున్న తరువాతివానికే అందించును. 1994లో స్టె-5 అను ఈస్టు ప్రోటీను ఇట్టి పరంజా అని తెలిసినది. 2003లో కాలిఫోర్నియాలో వెండెల్ లిమ్ బృందము రెండు పరంజాలను అతికి ఒకటిగా చేసి, ఈస్టులో పెట్టెను. ఇప్పుడు జతగాని వాసన తగిలిన ఈస్టు జతకు సిద్ధపడుటకు మారుగా, ఉప్పును తట్టుకొను పనికి పూనుకొన్నది! మైకు మారలేదు, యంత్రము మారలేదు. తీగ మారినది.

మరల మెదడునకు వత్తము. 1999లో టొరాంటో వారు నాడీకణములలో పి.ఎస్.డి.-95 తయారు కాకుండ అణచి, గ్లుటమేటు గ్రాహకమును రేపి చూచిరి. గ్రాహకము యథాప్రకారము తెరచుకొనెను. కాల్షియం యథాప్రకారము లోనికి వచ్చెను. అయినను నైట్రిక్ ఆక్సైడు పుట్టుట తగ్గెను. కణములలో చాల భాగము బ్రతికెను. వాకిలి తెరచియే ఉన్నది. వాకిటి మాట లోపలి కొలిమి వద్దకు చేరలేదు. తలుపునకు మేకులు కొట్టనక్కరలేదని ఈ ప్రయోగముతో తేటపడెను.

కాని పి.ఎస్.డి.-95నే లేకుండ చేయుట తగదు. అంతకు ముందటి యేడే, సేత్ గ్రాంట్ ప్రభృతులు ఈ ప్రోటీను చెడిపోయిన చిట్టెలుకలను పుట్టించి చూచి యుండిరి. వానిలో నాడీసంధులు బలపడుట మామూలు కంటె ఎక్కువగా జరిగెను. జ్ఞాపకశక్తికి సంధులు బలపడుటయే మూలమని అందరును నమ్మియుండిన కాలమది గనుక, ఆ ఎలుకలు మేధావులు కావలసి యుండెను. కాని నీటి తొట్టెలో మునిగియున్న తిన్నెను వెదకి గుర్తుంచుకొను పరీక్షలో అవి ఘోరముగా వెనుకబడెను. సంధి బలముగా ఉండుట వేరు, ఎప్పుడు బలపడవలెనో తెలిసి బలపడుట వేరు. ఆ తెలివిడికి పరంజా కావలెను. పి.ఎస్.డి.-95 పట్టుకొని ఉండు మరియొక ప్రోటీను సిన్‌గాప్. ఇది ఉద్రేకమునకు కళ్ళెము వంటిది. దీని జన్యువులో దోషమున్న పిల్లలకు బుద్ధిమాంద్యము కలుగుచున్నదని 2009లో తెలిసినది. ఆ కాజాలలో ఒక్క చావు దారియే గాక చదువు దారియు పట్టియున్నది.

కావున పరంజాను కూల్చక, ఒక్క ముడిని మాత్రము కొంతసేపు సడలింపవలెను. ఉపాయము తట్టినవారికి జోహారు. గ్రాహకపు తోక కొసన ఉన్న తొమ్మిది ఎమైనో ఆమ్లములను విడిగా తయారు చేసిరి. ఈ దొంగ తోక పోయి కాజాలో కూర్చుండినచో అసలు తోకకు చోటుండదు; వాకిలియు ఎంజైమును విడిపోవును. అయితే ఈ తునక కణపు పొరను దాటి లోనికి పోవుట ఎట్లు? దానికొక గుఱ్ఱము కావలసి వచ్చెను. ఎయిడ్స్ కలిగించు వైరసులో టాట్ అను ప్రోటీను కలదు; దానిలోని పదునొకండు ఎమైనో ఆమ్లములు పొరలను సునాయాసముగా దాటగలవు. అంతటి మహమ్మారి నుండి రోగమును కలిగింపని ఈ చిన్న తునకను మాత్రము తీసి, దొంగ తోకకు ముందు అతికిరి. మొత్తము ఇరువది ఎమైనో ఆమ్లముల మందు. 2002లో, మెదడు ధమనిని మూసిన ఎలుకలకు గంట తర్వాత దీనిని ఇచ్చినను చెడిపోయిన భాగము బాగుగా తగ్గెనని టొరాంటో వారు ప్రకటించిరి. 2012లో, మన మెదడు వలెనే మడతలు గల మెదడున్న కోతులలో గూడ ఇది పనిచేసెను. దీనికి నెరినెటైడు అని పేరు స్థిరపడెను.

అదే 2012లో మనుష్యులపై తొలి చిన్న పరీక్ష ఫలితములు వచ్చెను. మెదడు ధమనుల ఉబ్బులకు చికిత్స చేయించుకొనిన 185 మందిలో, చికిత్స వలననే కలుగు సన్నని మచ్చల సంఖ్య ఈ మందు పుచ్చుకొన్నవారిలో తక్కువగా ఉండెను. తరువాత పెద్ద పరీక్ష. ఎనిమిది దేశములలోని 48 ఆసుపత్రులలో, పెద్ద ధమని మూసికొనిపోగా సన్నని గొట్టముతో గడ్డను లాగివేయు చికిత్స పొందుచున్న 1105 మందికి కొందరికి మందు, కొందరికి ఉత్త ద్రవము ఇచ్చిరి. ఫలితము 2020లో వెలువడెను. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసికొనగలిగినవారు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 61.4, పుచ్చుకొననివారిలో 59.2. అనగా చెప్పుకొనదగిన భేదము లేదు.

ఇచట ఒక మెలిక ఉన్నది. ఈ రోగులలో చాలమంది గడ్డను కరగించు ఆల్టెప్లేజు అను మందును గూడ పుచ్చుకొనిరి. అది పుచ్చుకొననివారిని విడిగా చూచినప్పుడు, నెరినెటైడు పొందినవారిలో నూటికి 59.3 మంది, పొందనివారిలో 49.8 మంది కోలుకొనిరి. ఆల్టెప్లేజు రక్తములో మేల్కొలుపు ప్లాస్మిన్ అను ఎంజైము ప్రోటీను దారములను తెంచునది. గడ్డను తెంచుచు, దారిలో దొరికిన మన ఇరువది ఎమైనో ఆమ్లముల దారమును గూడ తునకలు చేయుచున్నది. పొరను దాటుటకు తగిలించిన గుఱ్ఱములోనే ప్లాస్మిన్ కొరకుటకు అనువైన చోట్లు మెండు. ఒక మందు రెండవ మందును తినివేసినది.

అయినచో ఆల్టెప్లేజు పుచ్చుకొననివారికే ఇచ్చి చూతమని మరల పెద్ద పరీక్ష జరిపిరి. అంబులెన్సులోనే ఇచ్చి చూచిన పరీక్ష మరియొకటి కెనడాలో జరిగినది. ఈ రెండింటి ఫలితములు 2025లో వెలువడెను. మొత్తము మీద రెండింటిలోను మేలు రుజువు కాలేదు. అంబులెన్సు పరీక్షలో, పిదప రక్తప్రసారమును పునరుద్ధరింపగలిగిన రోగులకు మాత్రము కొంత మేలు కనబడినదని పరిశోధకులు చెప్పిరి. మా అభిప్రాయములో, ఒక పరీక్షలో కొందరిని ఏరి చూచి కనుగొన్న మేలును వేరొక పరీక్ష మొత్తముగా రుజువు చేయువరకు నమ్మకూడదు. 2020 నాటి అనుభవమే ఇందులకు తార్కాణము. ఎలుకలలోను కోతులలోను కనబడిన తీరు అబద్ధము కాదు. కాని ఎలుకకు పక్షవాతము ప్రయోగశాలలో గడియారము చూచి వచ్చును. మనకు ఎప్పుడు వచ్చెనో గూడ తరచు తెలియదు.

ఈలోగా, రుజువైన చికిత్సలు రెండు. పక్షవాతము కనబడినప్పటి నుండి నాలుగున్నర గంటలలోపల గడ్డను కరగించు మందు. తగిన రోగులకు, పెద్ద ధమనిలోని గడ్డను గొట్టముతో లాగివేయుట. రెండింటికిని ముందు తలకు స్కానింగు తీసి, మెదడులో రక్తస్రావము లేదని చూడవలెను. మూతి వంకర, చేయి వాలిపోవుట, మాట తడబడుట అకస్మాత్తుగా కనబడినప్పుడు మొదట గడియారము చూచి వేళ గుర్తుంచుకొనుడు. వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న అదియే. నోట పసరు పోయవలదు. మింగుటకు వీలులేని మనిషికి అది ఊపిరితిత్తులలో దిగును. నూనె మర్దనమునకు తరువాత ఎంతో కాలమున్నది.

ఉత్తరము వ్రాసిన శ్రోతలకు మా సమాధానము ఇది. నాళము తెరచుకొనునప్పటికే కొన్ని కణములలో వాకిటి నుండి కొలిమికి కబురు అందిపోయి ఉండును. ఆ కబురును నడుమ ఆపు ప్రయత్నము ఆగలేదు. ప్లాస్మిన్ కొరుకలేనట్లుగా, అద్దములో ప్రతిబింబము వలె తిరుగబడిన ఎమైనో ఆమ్లములతో దొంగ తోక గుఱ్ఱమును మరల అల్లి, అది ఆల్టెప్లేజుతో కలిపి ఇచ్చినను చెడదని 2021లో జంతువులలో చూపిరి. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగెన్ వారు మరియొక దారి పట్టిరి. పి.ఎస్.డి.-95లో రెండు కాజాలు ప్రక్క ప్రక్కనే ఉన్నవి గదా యని, రెండు తోకలను ఒకే దారమునకు కట్టి, రెండింటిలోను ఒక్కసారిగా పట్టునట్లు 2012లోనే తయారు చేసిరి. ఒక తోక కంటె ఈ జంట తోక ఎన్నో రెట్లు గట్టిగా పట్టుచున్నది.